వెనక చక్రం నట్టు బిగిస్తే తిరగదు, వదిలితే హ్యాండిల్ ఊగుతుంది

కత్తెర మాస్టర్:

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప ఏనాడూ రాయలేదు. ఇప్పుడు రాయక తప్పట్లేదు.

నేను దర్జీని. పగలంతా మెడలో టేపు, చెవి మీద పెన్సిల్. రాత్రి షాపు కట్టేశాక ఇంటి వెనక రేకుల షెడ్డులో బండి పని. పద్నాలుగు నెలలకి బండి ఒక రూపానికి వచ్చింది. ఫ్రేమూ ఇంజనూ పాత 250 సీసీ సింగిల్ సిలిండర్ బండివి. ముందు ఫోర్కులు, చక్రం, డిస్కు ఒక స్పోర్ట్స్ బండివి. తలకిందుల ఫోర్కులు కదా, పాత బండి స్టెమ్ (హ్యాండిల్ తిరిగే నిలువు కడ్డీ) ఊడదీసి కొత్త కింది టీలోకి, అంటే రెండు ఫోర్కుల్నీ కలిపి పట్టుకునే ముక్కలోకి, ప్రెస్ చేయించాను. కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) కొత్తది, గోళీలది కాదు, టేపర్ రోలర్లది. వెనక చక్రం ఇంకో బండిది, 140 టైరు. అది పట్టడానికి స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చట్రం) వెడల్పు చేయించాను. ట్యాంకు ఎవరిదో నాకే గుర్తులేదు. సీటు మాత్రం పూర్తిగా నాది: ఫోము కోసింది నేనే, రెక్సిన్ కుట్టింది నేనే. ఆ కుట్టులో ఒక్క వంకర చూపించండి, బండి మీకే ఇచ్చేస్తాను.

కుట్టు పక్కన పెడితే, మిగతా బండి కథ ఇదీ.

మొదటి రోజు బ్రహ్మాండంగా నడిచింది. సుమారు 40 కిలోమీటర్లు తిరిగాక కొత్త జబ్బు మొదలైంది. 60లో వెళ్తూ థ్రాటిల్ వదిలేస్తే, స్పీడు 55 నుంచి 45కి దిగే లోపు హ్యాండిల్ అటూ ఇటూ ఊగుతోంది. మొదట చిన్నగా, తర్వాత పెద్దగా. గట్టిగా పట్టుకుంటే ఆగుతుంది. కానీ ఆ రెండు మూడు సెకన్లలో గుండె జారిపోతోంది.

రెండోది చైను. మొత్తం 70 కిలోమీటర్లు కూడా తిరగలేదు, వెనక స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్ల చక్రం) పళ్లు ఒక పక్కన అద్దంలా మెరుస్తున్నాయి. రెండో పక్క ఇంకా నల్లగానే ఉంది.

మూడోది చెప్పడానికి సిగ్గుగా ఉంది. వెనక యాక్సిల్ (ఇరుసు) నట్టు పూర్తిగా బిగిస్తే చక్రం బరువెక్కిపోతుంది, చేత్తో తిప్పితే సగం చుట్టు తిరిగి ఆగిపోతుంది. అర చుట్టు వదిలితే హాయిగా తిరుగుతుంది. అందుకని అర చుట్టు వదిలి, స్ప్లిట్ పిన్ను పెట్టి నడిపాను. నట్టు ఊడదు కదా అన్న ధైర్యం.

ఇంకో చిన్న సంగతి. ఇండికేటర్ వేస్తే దానితో పాటు హెడ్‌లైటు కూడా మినుకుమంటోంది.

ఎక్కడి నుంచి మొదలుపెట్టమంటారు?

---

రెండు చక్రాలు:

బ్రో, ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. స్పోర్ట్స్ బండి ఫోర్కులు పొట్టిగా ఉంటాయి, చక్రమూ చిన్నదే. ముందు దిగింది, రేక్ (స్టీరింగ్ వాలు) తగ్గింది, హ్యాండిల్‌ని నేరుగా ఉంచే ట్రెయిల్ పోయింది. ట్రెయిల్ పోతే హ్యాండిల్ ఊగుతుంది. హ్యాండిల్ ఊపుని అణిచే స్టీరింగ్ డ్యాంపర్ ఒకటి వెయ్యి, సెట్ అయిపోతుంది. నేనూ అదే చేశాను.

---

లేత్ తాత:

డ్యాంపర్ మాట తర్వాత. మాస్టారూ, ముందు ఆ బండి తాళం తీసి ఇంట్లో ఎవరికైనా ఇచ్చెయ్. యాక్సిల్ నట్టు వదిలేసి 60లో తిరిగావా? స్ప్లిట్ పిన్ను నట్టు ఊడకుండా చూస్తుంది. చక్రాన్ని పట్టుకునేది పిన్ను కాదు, బిగింపు. ఆ బిగింపే లేకపోతే చైను లాగినప్పుడల్లా చైనున్న పక్క, యాక్సిల్ ఎడమ కొస ముందుకు జరుగుతుంది, చక్రం వంకర తిరుగుతుంది. నీ స్ప్రాకెట్ పళ్లు ఒక పక్కే ఎందుకు మెరుస్తున్నాయో ఇప్పుడు అర్థమైందా?

బిగిస్తే చక్రం ఎందుకు బిగుసుకుంటుందో నాకు దాదాపు తెలుసు. హబ్బు లోపల రెండు బేరింగుల మధ్య ఒక గొట్టం ఉంటుంది. డిస్టెన్స్ బుష్ అంటాం. యాక్సిల్ బిగించినప్పుడు ఆ ఒత్తిడి బయటి బుష్ (హబ్బుకీ స్వింగ్ ఆర్మ్‌కీ మధ్య ఉండే చిన్న గొట్టం) నుంచి బేరింగు లోపలి రింగుకు, అక్కడి నుంచి ఈ గొట్టానికి, గొట్టం నుంచి అవతలి బేరింగు లోపలి రింగుకు, అక్కడి నుంచి అవతలి బుష్‌కు పోవాలి. అంతా కలిసి ఒకే ఇనుప కడ్డీలా నిలబడాలి. గొట్టం పొట్టిదైతే లోపలి రింగులు రెండూ ఒకదానివైపు ఒకటి నెట్టుకుపోతాయి, గోళీలు పక్కకు నలుగుతాయి. బిగిస్తే బరువు, వదిలితే ఫ్రీ: దీని లక్షణమే అది.

ఆ గొట్టం చక్రంతో పాటే వచ్చిందా, నువ్వు చేసిందా?

రేక్ సంగతి చెప్పాలంటే నాకు కొలతలు కావాలి. చూసి చెప్పేది కాదు. నువ్వు సీటు మీద కూర్చుని, బండిని ఎవరైనా నిటారుగా పట్టుకుని ఉండగా తీసుకో: స్టీరింగ్ కోణం, ముందు యాక్సిల్ మధ్య నుంచి నేల వరకు ఎత్తు, స్టెమ్ మధ్య నుంచి రెండు ఫోర్కుల మధ్య గీత వరకు దూరం. పాత బండి కొలతలు రాసిపెట్టుకుని ఉంటే అవి కూడా ఇవ్వు.

తర్వాత దారం పని. దానికి ముందు, స్వింగ్ ఆర్మ్ ఫ్రేముకి తగిలి ఊగే పివట్ బోల్టు మధ్య నుంచి వెనక యాక్సిల్ మధ్య వరకు రెండు పక్కలా కొలిచి సమానం చెయ్. స్వింగ్ ఆర్మ్ మీది గీతల్ని నమ్మకు, వెల్డింగు చేయించిన దాని మీద అసలే నమ్మకు. అది సరిచేశాక వెనక టైరుకు రెండు పక్కలా దారం కట్టి ముందుకు లాగు. దారం వెనక టైరు వెనక అంచునీ ముందు అంచునీ రెండింటినీ తాకాలి, అంతే, టైరును నొక్కకూడదు. ముందు చక్రం నేరుగా పెట్టి, దారానికీ ముందు టైరుకూ మధ్య సందు రెండు పక్కలా చెప్పు.

---

వైరింగ్ పిచ్చి:

హెడ్‌లైటు సంగతి నాకు వదిలెయ్యండి. ఫ్రేముకి పౌడర్ కోటింగ్ చేయించారా? అయితే ఎర్తు దొరకట్లేదు. ఆ రంగులో కరెంటు పారదు. బోల్టు మరలో ఎక్కడో కాస్త తగులుతూ ఉంటే దాని మీదే లైటూ ఇండికేటరూ రెండూ బతుకుతున్నాయి. ఇండికేటర్ వెలిగినప్పుడల్లా లైటు వాటా తగ్గుతోంది.

లైటు వేసి ఉంచి, మల్టీమీటర్‌ని డీసీ వోల్టుల్లో పెట్టండి. నల్ల వైరు బ్యాటరీ నెగటివ్‌కి, ఎర్ర వైరు హెడ్‌లైటు ఎర్తు పిన్నుకి. 0.2 వోల్టుల లోపు వస్తే పర్లేదు. అంతకన్నా ఎక్కువ వస్తే ఎర్తు పాడైనట్టే. రంగు గీకడాలూ అవీ వద్దు. లైటు దగ్గర నుంచి బ్యాటరీ నెగటివ్ వరకు విడిగా ఒక వైరు లాగేయండి, ఫ్రేమును ఎర్తుగా నమ్ముకోవడం మానేయండి. ఇంజన్ నుంచి కూడా బ్యాటరీకి విడిగా ఒక లావు వైరు ఉండాలి.

మెయిన్ ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలో ఉందా? సీటు కింద ఎక్కడో చివరన పెట్టారేమో చూసుకోండి. ఫ్యూజుకు ముందున్న వైరుకి కాపలా ఎవరూ ఉండరు.

---

కత్తెర మాస్టర్:

తాతగారూ, తాళం మా ఆవిడ దగ్గరుంది. అడిగినా ఇవ్వదు, ఆ పోస్టు తనకి చదివి వినిపించాను.

ఆ గొట్టం నేను చేసిందే. చక్రం కొన్నప్పుడు లోపల లేదు. హబ్బులో బేరింగులు కూర్చునే రెండు మెట్ల మధ్య దూరం వెర్నియర్ డెప్త్ గేజితో కొలిచాను: 92.4 మి.మీ. మీరు అడిగాక నిన్న రాత్రి గొట్టం బయటికి తీసి మళ్లీ కొలిస్తే 91.0 వచ్చింది. కొలత తప్పలేదు, మెట్ల మధ్య మళ్లీ 92.4 వచ్చింది. మరి గొట్టం ఎలా తగ్గిందని గంటసేపు ఆలోచించాను. హాక్సాతో సరిగ్గా 92.4కి కోశాను. తర్వాత చిన్న లేత్ మీద రెండు కొసలూ నున్నగా ఫేసింగ్ చేశాను. ఒక్కో పక్క 0.7 పోయింది.

ఇరవై ఆరేళ్లుగా గుడ్డ కోస్తున్నాను. కుట్టులోకి పోయే గుడ్డ వదలకుండా ఒక్క జాకెట్టు ముక్క కోయలేదు. ఇనుము దగ్గరికి వచ్చేసరికి ఆ బుద్ధి ఎక్కడికి పోయిందో తెలీదు. మా షాపులో నేర్చుకునే కుర్రాడు ఇది చేస్తే రెండు రోజులు మాట్లాడేవాణ్ణి కాదు.

కొలతలు ఇవిగో. స్టీరింగ్ కోణం నిటారు నుంచి 22 డిగ్రీలు. యాక్సిల్ ఎత్తు 300 మి.మీ. స్టెమ్ నుంచి ఫోర్కుల మధ్య గీతకి 30 మి.మీ. పాత బండి విప్పే ముందు రాసుకున్నవి: 27 డిగ్రీలు, 320, 55. వీల్‌బేస్ (రెండు యాక్సిళ్ల మధ్య దూరం) ఇప్పుడు 1380.

పివట్ నుంచి యాక్సిల్: ఎడమ 512, కుడి 515. అంటే ఎడమ పక్క 3 మి.మీ. ముందుకు లాగేసింది, మీరన్నట్టే. అది సమానం చేసి, కొలత కోసం మాత్రం నట్టు బిగించి, దారం కట్టాను. ముందు టైరు దగ్గర ఎడమ సందు 21, కుడి సందు 9.

వైరింగ్ అన్నా, మీటరు 1.3 వోల్టులు చూపించింది. విడిగా వైరు లాగాను. ఇండికేటర్ వేసినా లైటు కదలట్లేదు. ఫ్యూజు సీటు కిందే ఉంది, బ్యాటరీకి జానెడు లోపే.

---

లేత్ తాత:

సీటు కుట్టిన చేత్తోనే కొలిచావని తెలుస్తోంది. కొలతలిచ్చేటప్పుడు సిగ్గుపడని మనిషికి సాయం చెయ్యడం తేలిక.

ముందు ట్రెయిల్ లెక్క తేల్చేద్దాం, రెండు చక్రాల అబ్బాయి కూడా చూస్తాడు. ట్రెయిల్ అంటే స్టీరింగ్ స్టెమ్ గీతని నేల దాకా పొడిగిస్తే అది తగిలే చోటుకూ, టైరు నేలను తాకే చోటుకూ మధ్య దూరం. యాక్సిల్ ఎత్తుని కోణం సైనుతో గుణించి, అందులోంచి ఆఫ్‌సెట్, అంటే స్టెమ్ నుంచి ఫోర్కుల గీతకి ఉన్న ఆ దూరం, తీసేసి, వచ్చినదాన్ని కొసైనుతో భాగిస్తే వస్తుంది.

పాత బండి: 320ని 0.454తో గుణిస్తే 145, అందులోంచి 55 పోతే 90, దాన్ని 0.891తో భాగిస్తే 101 మి.మీ.

ఇప్పటి బండి: 300ని 0.3746తో గుణిస్తే 112, 30 పోతే 82, దాన్ని 0.927తో భాగిస్తే 89 మి.మీ.

రేక్ 5 డిగ్రీలు పడిపోయిన మాట నిజం. కానీ ఈ టీలో ఆఫ్‌సెట్ 55 నుంచి 30కి తగ్గింది కాబట్టి పోయిన ట్రెయిల్‌లో చాలావరకు తిరిగొచ్చేసింది. అదే పాత 55 ఆఫ్‌సెట్ టీలో ఈ చక్రం పెట్టుకుని ఉంటే 62 మాత్రమే మిగిలేది, అప్పుడు నేనే బండి విప్పెయ్యమనేవాణ్ణి. 89తో హ్యాండిల్ తేలిగ్గా తిరుగుతుంది, చురుగ్గా ఉంటుంది. దానంతట అది ఊగదు. అబ్బాయ్, డ్యాంపర్ వేస్తే ఊగడం ఆగేది నిజమే. ఊగడానికి కారణం మాత్రం లోపలే ఉండిపోయేది.

ఇక ఆ 3 మి.మీ. తేడా చిన్నదనుకోకు. కొలిచిన రెండు చోట్ల మధ్య దూరం 220 అనుకుంటే, వెనక చక్రం చూపు 1380 ముందున్న చక్రం దగ్గరికి వచ్చేసరికి దాదాపు 19 మి.మీ. పక్కకు పోతుంది. పైగా అది స్థిరంగా ఉండే తేడా కూడా కాదు. థ్రాటిల్ తిప్పితే ఒకలా, వదిలితే ఒకలా. నీ బండి థ్రాటిల్ వదిలినప్పుడే ఊగుతోందన్నావు, గుర్తుందా?

దారం సందులు 21, 9. తేడా 12, అందులో సగం 6. అంటే వెనక చక్రం మధ్య గీత నుంచి 6 మి.మీ. ఎడమకి ఉంది. ముందు చక్రం ఫోర్కుల మధ్యలోనే ఉందో లేదో ఒకసారి చూసుకో, ఉంటే తప్పు వెనకదే. 6 మి.మీ.కి బండి ఊగదు, కాస్త ఒక పక్కకి లాగుతుందంతే. అయినా సరిచెయ్. నేననుకోవడం, నువ్వు రెండు స్ప్రాకెట్లూ ఒకే గీతలోకి తేవడానికి చక్రాన్నే జరిపావు. జరపాల్సింది స్ప్రాకెట్‌ని. చక్రాన్ని ఎడమ బుష్‌లో 6 పెంచి, కుడి బుష్‌లో 6 తగ్గించి మధ్యలోకి తీసుకురా. అప్పుడు స్ప్రాకెట్ 6 లోపలికి పోతుంది కదా, దాని వెనక, హబ్బుకీ దానికీ మధ్య, 6 మి.మీ. ప్లేటు పెట్టు. ఆ ప్లేటు ఉత్త రింగు కాదు. ఒక పక్క హబ్బు మెట్టు మీద బిగువుగా కూర్చోవాలి, రెండో పక్క అలాంటి మెట్టే స్ప్రాకెట్‌కి ఇవ్వాలి. లేకపోతే బరువంతా బోల్టుల మీదే పడుతుంది. బోల్టులు పాతవాటి కన్నా 6 మి.మీ. ఎక్కువ పొడవున్నవి, తల మీద 10.9 అని గట్టిదనం గుర్తు ఉన్నవి వాడు.

గొట్టం ఈసారి 92.5కి చెయ్. మెట్ల దూరం కన్నా 0.1 ఎక్కువ ఉండాలి, తక్కువ ఉండకూడదు. ఫేసింగ్‌కి 2 మి.మీ. వదిలి కోసుకో, నీకు ఇక చెప్పక్కర్లేదు. బేరింగులు పాతవి వద్దు, పక్కకి నలిగాయి. చేత్తో తిప్పితే బాగానే అనిపిస్తాయి, నమ్మకు. ఒక పక్క బేరింగు మెట్టు దాకా దిగగొట్టు, బయటి రింగు మీదే కొట్టాలి. గొట్టం పెట్టు. రెండో బేరింగుని రెండు రింగుల మీదా ఆనే చదును ముక్కతో, లోపలి రింగు గొట్టానికి తగిలేదాకా దించి ఆపెయ్. మెట్టు దాకా పోలేదని ఇంకో దెబ్బ వేశావో, మళ్లీ మొదటికే వస్తావు.

---

గ్రీజు చేతులు:

తాతగారు వెనకంతా చూసేశారు, నేను ముందుకొస్తాను. మాస్టారూ, "మొదటి రోజు బాగుంది, 40 కిలోమీటర్ల తర్వాత మొదలైంది" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. కొత్త కోన్‌సెట్ వేసిన బండిలో ఇది మామూలే. దాని బేరింగు కప్పులు ఫ్రేములో పూర్తిగా కూర్చోకపోతే నాలుగు గుంటలు తగిలేసరికి దిగిపోతాయి, బిగువు పోతుంది. నా మొదటి బండికి నేనూ ఇలాగే చేశాను, అప్పట్లో టైరు బ్యాలెన్సింగ్ అంటూ వారం తిరిగాను.

ముందు చక్రం గాల్లోకి లేపి, ఫోర్కుల కింది కొసలు పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపండి. టక్ టక్‌మంటే అదే. విప్పి కప్పుల్ని మళ్లీ దిగగొట్టండి. సుత్తి దెబ్బకి మొద్దు శబ్దం వస్తున్నంతసేపూ అది దిగుతున్నట్టు. ఖంగుమని శబ్దం మారితే కూర్చున్నట్టు.

బిగించేటప్పుడు పై క్లాంపు ఫోర్కుల్ని పట్టుకునే బోల్టులు వదిలి ఉంచండి, లేకపోతే మీరు బిగిస్తున్నది కోన్‌సెట్‌ని కాదు. ముందు గట్టిగా బిగించి హ్యాండిల్ అటూ ఇటూ పదిసార్లు పూర్తిగా తిప్పండి, వదిలేసి, ఈసారి ఆట (కదిలే వదులు) పోయేంతవరకే బిగించండి. మధ్యలో పెట్టి చిన్నగా తోస్తే హ్యాండిల్ తన బరువుకి తానే రెండు పక్కలకీ పడిపోవాలి, మధ్యలో ఎక్కడా ఆగకూడదు. పై నట్టు బిగించాక ఇంకోసారి చూడండి, అది బిగిస్తే లోపల బిగువు మారుతుంది.

ఆ లావు ఫోర్కులు హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు ట్యాంకుకి తగులుతున్నాయా? హ్యాండిల్ మరీ తిరగకుండా ఆపే స్టాపర్లు ఫ్రేముకి ఉన్నాయా? ఇంజన్ ఆన్‌లో పెట్టి హ్యాండిల్ తిప్పితే స్పీడు పెరుగుతోందా? పెరిగితే కేబుల్ పొట్టి.

---

రెండు చక్రాలు:

తాతగారూ, నా బండి ఆఫ్‌సెట్ కూడా కొలిచాను. ట్రెయిల్ 94 వచ్చింది. అంటే నా డ్యాంపర్ ఏం దాస్తోందో ఇప్పుడు వెతకాలి. ఆదివారం కోన్‌సెట్ విప్పుతాను.

---

కత్తెర మాస్టర్:

పదకొండు రోజులు పట్టింది. షాపులో పని ఎక్కువుంది, పైగా ప్లేటు రెండుసార్లు చేయాల్సి వచ్చింది. మొదటిదానికి స్ప్రాకెట్ వైపు మెట్టు వదులైంది, మళ్లీ చేశాను. ఈసారి స్ప్రాకెట్ బొటనవేలి ఒత్తిడికి కూర్చుంది, వేలు తీసినా ఊడిరాలేదు.

గొట్టం 92.5. బేరింగులు కొత్తవి, 6204, రెండు పక్కలా రబ్బరు సీలు ఉన్నవి. యాక్సిల్ నట్టు చక్రం వచ్చిన బండి మాన్యువల్‌లో ఉన్నంత బిగించాను. చక్రం తోసి వదిలితే తిరుగుతూనే ఉంది. పక్కన నిలబడి చూస్తూ ఉండిపోయాను. ముందు చక్రం ఫోర్కుల మధ్యలోనే ఉంది, వెనకదే తప్పు. ఇప్పుడు దారం సందులు 15, 15. నమ్మకం కుదరక మూడుసార్లు కొలిచాను. 140 టైరుకీ చైనుకీ మధ్య నా చిటికెన వేలు దూరుతోంది.

గ్రీజు అక్కా, టక్‌మంది. కింది కప్పు ఫ్రేములో ఒక పక్క పూర్తిగా కూర్చోకుండా కాగితం మందం బయటికి ఉంది. పౌడర్ కోటింగ్ చేసేటప్పుడు ఆ గూడు మూయకుండా ఇచ్చాను, లోపల రంగు పొర ఉండిపోయింది. గీకి, దిగగొట్టాను. మీరన్న ఖంగు వినపడింది. మూడో దెబ్బకే వచ్చింది కానీ ఇంకో రెండు వేశాను, ఆ శబ్దం కోసం. స్టాపర్లు ఒక పక్క తక్కువయ్యాయి, ఎడమ ఫోర్కు ట్యాంకుని ముద్దు పెట్టుకుంటోంది. స్టాపర్ మీద చిన్న ముక్క వెల్డింగు చేయించాలి, ట్యాంకు ఫ్రేము మీద నుంచి తీసి దూరంగా పెట్టాక. కేబుల్ బాగానే ఉంది.

నిన్న పొద్దున్నే రోడ్డెక్కాను. 60కి వెళ్లి థ్రాటిల్ వదిలాను. 55, 50, 45. చేతులు గట్టిగా పట్టుకోలేదు, వేళ్లు ఆనించానంతే. ఏమీ లేదు. వెనక్కి వచ్చి మళ్లీ చేశాను. మూడోసారి కూడా. 50 కిలోమీటర్లు తిరిగి ఇంటికొచ్చి కోన్‌సెట్ చూశాను. చిన్నగా ఆట వచ్చినట్టుంది, అది పోవడానికి పావు చుట్టు బిగింపు కూడా పట్టలేదు.

ఒక్క సందేహం. నట్టు బిగింపు సరిపోయాక స్ప్లిట్ పిన్ను రంధ్రం నట్టు గాడికి ఎదురుగా రాలేదు. కొద్దిగా వెనక్కి తిప్పితే సరిపోయేది.

---

లేత్ తాత:

వెనక్కి తిప్పావా?

---

కత్తెర మాస్టర్:

లేదు తాతగారూ. ముందుకే, తర్వాతి గాడి దాకా. పిన్ను కూడా కొత్తదే.

---

లేత్ తాత:

సరే. తాళం తీసుకో. 200 కిలోమీటర్లకి స్ప్రాకెట్ బోల్టులు ఇంకోసారి చూడు. ఆ సీటు ఫోటో పెట్టు, వంకర వెతుకుతాను.